పొట్టు మీద పచ్చన

మేం పెట్టిన పెట్టుబడి:
తొమ్మిదిమంది ఆడవాళ్ళ చీటీ డబ్బు,
విరిగిన రెండు మంచాల పలకలు,
ఒక గొర్రె ఖాళీ చేసిన మేడ.

ఖాళీ చేయడమంటే
బక్రీదుకి వెళ్ళిపోయింది పాపం.
పెంటికలు మాత్రం మాకే రాసిచ్చింది.

పికీన్‌లో నేలంటే ఇసుక.
ఇసుక కింద నీళ్ళు.
వానాకాలంలో ఆ నీళ్ళు గుమ్మం దగ్గర ఆగి అడగవు,
చుట్టాల్లా లోపలికొచ్చి
మంచంకోళ్ళ పక్కన చతికిలబడతాయి.
కింద మాకు చోటు లేదు,
పైకెక్కాం.

"మట్టి లేని మడేమిటే!" అని నవ్వాడు
ఇంటి ఓనరు ముసలి బిరామ్,
ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా.
నూనె మిల్లు వెనక గుట్టలుగా వేరుశనగ పొట్టు.
బండివాడి కూలి తప్ప ఖర్చు లేదు.
తడిపి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి,
వరి ఊక కలిపి,
పలకల తొట్టెల్లో నల్ల ప్లాస్టిక్ పరిచి పోశాం.
వారం రోజులు డాకర్ గాలంతా పులిసిపోయినట్టు వాసన.
పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుని దువా చదివారు.

లెక్కలు రాసేది నేను.
మా చిన్నాడి పాత నోటుబుక్కు, వెనకనుంచి మొదలు.
పుదీనా నారు, ఇంత.
గొట్టం, ఇంత.
మేకులు, అరువు.
యాసిన్ కుట్టుమిషను తాకట్టు...
అది రాయలేదు. రాయొద్దంది.
ఆ గీత ఖాళీగా ఉంచాను.

మొదటి పంట లెట్యూస్.
సముద్రం వైపు హోటల్‌కి పట్టుకెళితే
మేనేజరు ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని
అందులో చిల్లు చూశాడు,
చిల్లులోంచి మమ్మల్ని చూశాడు.
వెనక్కి తెచ్చి సందులోనే అమ్మాం.
సందుకి చిల్లులు కొత్త కాదు.

రెండో పంటని గొర్రె తినేసింది.
ఎంబాయ్ గొర్రె, పక్క మేడది.
పిట్టగోడ దూకి నలభై ఒక్క మొక్కలు.
(లెక్క నాదే, వేలు పెట్టి మరీ లెక్కపెట్టాను.)
ఎంబాయ్ వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ,
నష్టం ఎంతో చెప్పమన్నాడు.
నేను నోటుబుక్కు తెరిచేలోపే
ఆస్తూ అడిగింది:
"మీ మేడ మీద ఎన్ని తొట్టెలు పడతాయి?"

అలా రెండో మేడ.
గొర్రెకి తాడు.
ఎంబాయ్ పెళ్ళానికి గోంగూర మీద మోజు,
ఎర్ర కాడలు మోకాలెత్తు లేచాయి అక్కడ,
చేపల పులుసు వండేవాళ్ళంతా ఆ మెట్ల మీదే వరస.
మూడో మేడవాళ్ళు పిలవకుండానే వచ్చారు,
నాలుగోవాళ్ళు వచ్చి, పోట్లాడి వెళ్ళిపోయారు,
గొట్టం కూడా పట్టుకెళ్ళారు.
అదీ రాశాను.

కుళాయికి పగలంతా గొంతు పట్టేస్తుంది.
రాత్రి మూడింటికి దగ్గి, ఉమ్మి, మొదలెడుతుంది.
ఇదివరకూ ఆ వేళకి లేచేవాళ్ళమే,
ఎవరి బకెట్ వాళ్ళది,
ఎవరి చీకటి వాళ్ళది.
ఇప్పుడు ముందు లేచినవాళ్ళు పళ్ళెం మీద గరిటె కొడతారు.
మేడ నుంచి మేడకి దీపాల్లేకుండా మాటలు నడుస్తాయి.
ఖుదియా మోకాలి నొప్పి,
టమాటాకి తెల్ల పురుగు,
ఎవరి కూతురు ఏ పరీక్ష తప్పింది.
పుదీనా తడుస్తుంటే ఆ వాసన
మాటలకంటే ముందే చేరుతుంది.

మొన్న మున్సిపాలిటీ కుర్రాడొచ్చాడు,
ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫారం.
"సంస్థ లక్ష్యం" అని ఒక గడి.
యాసిన్ వైపు చూశాను.
ఆమె పొట్టులో చేతులు పెట్టుకుని ఉంది,
మిషను ఇంకా విడిపించలేదు.
"రాయవే, ఏదో ఒకటి."

రాశాను:
రాత్రి మూడింటికి నీళ్ళొచ్చినప్పుడు
ఒకరినొకరు లేపు

అక్కడితో గడి అయిపోయింది.
కుర్రాడు తలగోక్కుని
వెనక పేజీ వాడుకోమన్నాడు.
వెనక పేజీ నుంచే మొదలుపెట్టడం
నాకు అలవాటే.